అంకన్నకు నేను రాయని సర్టిఫికెట్

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు తాలూకాలోని ఒక పల్లె ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరుకు అసిస్టెంట్ గానీ అక్కడ ఉన్న ఒకే ఒక్క డాక్టర్ని నేనే. ప్రసవాలు, తేలుకాట్లు, పోస్టుమార్టాలతో పాటు మతి చెడినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వడమూ నా పనే. మేజిస్ట్రేటు పంపిన మనిషిని పది రోజుల దాకా కనిపెట్టి చూసి, ఫారంలో రెండు గడులు నింపాలి. నేను కళ్లారా చూసింది ఒకదాంట్లో, ఇతరులు చెప్పింది రెండోదాంట్లో. పిచ్చి అని తేలిస్తే ఆ మనిషిని పోలీసు కాపలాతో ఎక్కడో దూరాన ఉన్న పిచ్చాసుపత్రికి పంపేవారు. అలా పోయి తిరిగొచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

చేరిన రెండో నెలలో అంకన్నను తెచ్చారు. ఎరుకల గూడెంలో బుట్టలల్లే మనిషి. నెలల తరబడి నిద్ర లేదు. పొద్దు గూకితే గ్రామ మునసబు ఇంటి ముందుకు పోయి నిలబడి "హాజర్ సామీ" అంటాడట. విసిగిపోయిన మునసబు ఫిర్యాదు చేశాడు. అంకన్న భార్య చెన్నమ్మ ముగ్గురు పిల్లల్ని వెంటేసుకొచ్చి వరండాలో కూర్చుంది. అతన్ని పంపేస్తే ఆ నలుగురికీ దిక్కు లేదు.

కాంపౌండరు రిజిస్టరు తెరిచి పేరు అడగగానే అంకన్న కొయ్యబారిపోయాడు. అడగకుండానే ఎడమ బొటనవేలు చాచాడు. రెండు రోజుల్లో నాతో ఒక్క మాటే అన్నాడు.

"పిల్చినప్పుడు పలక్కపోతే జైలే సామీ."

మొదటి గడిలో "పేరు పిలుస్తారని, పలకకపోతే జైల్లో వేస్తారని భ్రమ" అని రాశాను. కాలేజీలో నేర్చుకున్న మాట చక్కగా అతికిందని కాస్త గర్వపడ్డాను కూడా.

రెండో గడి నింపాలి కాబట్టి మూడో రోజు చెన్నమ్మను పిలిచి, నీ మొగుడికి ఈ భ్రమ ఎప్పటినుంచి అని అడిగాను.

"బ్రమ యాడిది సామీ? మొన్నమొన్నటి దంకా పిలుస్తానే ఉండ్రి గదా. మా మామ జరమొచ్చి ల్యాలేక ఒక్కనాడు పోకపోతే జైల్లో ఏసిరి. ఆడనే సచ్చిపాయ."

ఇప్పుడు పిలవడం లేదు కదా అన్నాను.

"మానేసినారు. ఎందుకు మానేసిరో ఎవురూ చెప్పల్యా. పిలుస్తాండేటప్పుడన్నా ఈయప్ప నిద్రపోతాండె."

ఎరుకలవాళ్లలాంటి కులాలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేస్తూ తెల్లదొరలు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద పేరు నమోదైనవాళ్లు రాత్రికి రెండుసార్లు మునసబు ముందు హాజరు పలకాలి. వేలిముద్రలు ఇవ్వాలి. పాసు లేనిదే పొలిమేర దాటకూడదు. ఆ చట్టం అప్పటికే రద్దయింది. ఆ సంగతి గెజెట్‌లో వేశారు గానీ గూడేనికి పోయి చెప్పినవాడు లేడు. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియక అంకన్న కళ్లు మూయలేదు. ఇంత చదువు చదివి నేను భ్రమ అని రాసింది అతని తండ్రి చావు. సిగ్గేసింది. ఆ గడి కొట్టేసి పక్కన సంతకం చేశాను.

జబ్బు మాత్రం నిజమే. నిద్రమందు ఇవ్వగలను గానీ, చట్టం పోయిందన్న మాట నేను చెబితే నమ్మడు. సైకిలెక్కి మునసబు రెడ్డి దగ్గరికి పోయాను.

"పిచ్చోనికి నేను చెప్పేదేముందప్పా డాక్టరూ?" అన్నాడాయన.

ఇన్నేళ్లూ పిలిచింది మీరు, ఇక పిలవనని చెప్పాల్సిందీ మీరేనని గట్టిగానే అన్నాను. కోపమొచ్చినా, మర్నాడు పొద్దున్నే వచ్చాడు.

ఆయన్ను చూసి అంకన్న లేచి నిలబడి "హాజర్ సామీ" అన్నాడు. రెడ్డి అంకన్న భుజం పట్టి మంచం మీద కూర్చోబెట్టాడు.

"ఆ హాజరు పుస్తకం మూసేసినారప్పా అంకన్నా. ఇంక ఎవురూ పిలవరు. నువ్వు యాడికన్నా పో."

"మా పిల్లోల్ల పేర్లు?"

"వాల్లవీ రాయరు."

అంకన్న పడుకున్నాడు. నా మందు అవసరం లేకుండానే మరుసటి రోజు దాకా నిద్రపోయాడు. పంపనక్కర్లేదని మేజిస్ట్రేటుకు రాశాను. ఆ వారం చివర అంకన్న చిన్నపిల్లను భుజాన వేసుకుని ఇంటికి నడిచిపోతుంటే చూడటం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

అప్పటినుంచి గూడెంవాళ్లు వస్తే వాళ్ల ఎదుట రిజిస్టరు తెరవలేదు, వేలిముద్ర అడగలేదు. ముందు వరండాలో కూర్చోబెట్టి మాట్లాడేవాణ్ణి. వాళ్లు తమ ఎరుకల భాషలో అన్నదాన్ని చెన్నమ్మ వచ్చి నాకు తెలుగులో చెప్పేది. మందిచ్చి పంపాక, పేరు లేకుండా లెక్క కోసం నంబరు మాత్రం నేనే రాసుకునేవాణ్ణి. అంతకుముందు గడప తొక్కనివాళ్లు, నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని రావడం మొదలుపెట్టారు.

తనిఖీలో పేర్ల గడి ఖాళీగా ఉందని తప్పుపట్టి జిల్లా మెడికల్ ఆఫీసరు నన్ను కడపకు పిలిపించారు. మెమో ఖాయమనుకుని పోయాను. జరిగింది మొత్తం విన్నారు. ప్రొద్దుటూరు, పులివెందుల ఆసుపత్రుల్లో కూడా ఇదే పద్ధతి పాటించాలని నా ఎదుటే ఉత్తర్వు చెప్పి టైపు చేయించారు. బస్సులో తిరిగొస్తూ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

ఒక మనిషి భయాన్ని భ్రమ అని రాసేముందు, అది ఎప్పుడైనా నిజంగా జరిగిందా అని అతని ఇంటివాళ్లను అడగాలి. రిటైరయ్యేదాకా అడుగుతూనే వచ్చాను. జరిగిందన్న జవాబే ఎక్కువసార్లు విన్నాను.