సముద్రం ఒడ్డున బోరు వంతు

మా అన్నతో సముద్రం చూడటానికి పోవడం కంటే మా ఊరు ఎడపల్లి చెరుకుతోటలో పాము పక్కన పడుకోవడం నయం. ఈ మాట అక్కతో ముందే అన్నాను. వింటేనా! పొలం పంచుకున్నాక మాకు ఉమ్మడిగా మిగిలింది ఒక్క బోరు. ఒకరోజు ఆయన వంతు, మరునాడు నాది. దాని మీదే మా ఇద్దరికీ మాటలు పోయాయి. "నాలుగొద్దులు ఒక్క కార్ల తిరుగుండ్రి, మీరే కలుస్తరు" అని అక్క నిజామాబాద్ నుంచి కారు తీసింది. ఊరంతా వరికి మళ్లినా నేను మొండిగా వేసిన చెరుకు అప్పటికే ఆకు ముడుస్తోంది. అది పోతే నాకు ఆ ఏడు పోయినట్టే.

అక్కకు తొందరంటే పడదు. బాపట్ల దాటాక తీరం వెంట ప్రతి ఊళ్లోనూ ఆపింది. ఎక్కడ చూసినా ఇసుక, ఎండుచేపల కంపు. బస ఒక పెంకుటింట్లో. మా ఇద్దరికీ ఒకటే గది, ఒకటే మంచం, కావాలనే చేసింది. నేను చాప తీసుకుని వరండాలో పడుకున్నాను.

మర్నాడు నా వంతు. మా స్టార్టరులో సిమ్ ఉంది, ఎక్కడినుంచి ఫోన్ కొట్టినా మోటరు నడుస్తుంది, ఆగుతుంది. పొద్దున్నే మోటరు వేసి ఒడ్డుకు వచ్చాను. అప్పటికే అక్కడున్న అన్న ఫోన్ చెవికి పెట్టుకుని ఒక్క మాటైనా మాట్లాడకుండా దించాడు. అనుమానమొచ్చి నేను కొట్టి చూస్తే మోటరు ఆగి ఉంది.

"నా వంతునాడు ఎందుకు బందు వెట్టినవ్? సిగ్గు శరం ఉన్నదా?"

"బోరంత నువ్వే గుంజుకుంటే రేపు నాకేం మిగుల్తదిరా, మన్నా?"

వేశాను. ఆపాడు. మళ్లీ వేశాను, మళ్లీ ఆపాడు. అలలు మోకాళ్లు తడిపి పోతున్నా ఇద్దరం ఫోన్లలోంచి తల ఎత్తలేదు. అక్క కొబ్బరి బోండాలు పట్టుకుని వచ్చి, మా వెనక నిలబడి చూస్తూనే ఉంది.

అంతలో పొలం చూసే మనిషి ఫోన్ చేశాడు. "అన్నా, స్టార్టరు డబ్బలకెల్లి పొగ లేసిందే. మోటరు కాలింది!"

దాన్ని బోరులోంచి పైకి లాగి, కాలిన తీగ మళ్లీ చుట్టించి, దింపేసరికి వారం. నా చెరుకు అన్నాళ్లు ఆగదు. అన్న పంటా ఆగదు, అదొక్కటే సంతోషం.

అక్క బోండాలు ఇసుకలో పారేసింది. ఏడుస్తుందనుకున్నాను. సముద్రం వైపు చెయ్యి చూపించింది.

"గిన్ని నీళ్లున్నయి గదరా. పంచుకోండ్రి."

కారెక్కి వెళ్లిపోయింది. బస్టాండు దాకా అన్న రోడ్డుకు ఆ పక్కన, నేను ఈ పక్కన నడిచాం.