రెండొందల అడుగుల మొక్కు

ఉద్యోగంలో చేరిన ఆ మొదటి ఏడాది నాకు రెండు జబ్బులు ఉండేవి. నలుగురు చప్పట్లు కొడతారనిపిస్తే చాలు, ముందూ వెనకా చూడకుండా మాట ఇచ్చేయడం ఒకటి. మాట్లాడడానికి మనిషి లేకపోవడం రెండోది. అది జబ్బేమిటని మీరు అనవచ్చు. ఆదివారమంతా ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా గడిపి, సోమవారం పొద్దున్నే పాలంగడిలో "అర లీటరు" అనబోతే గొంతు పెగలక సైగ చేసిన రోజులున్నాయి కాబట్టి అది జబ్బేనని నా నమ్మకం. (ఆ పాలంగడాయన చాలాకాలం నన్ను మూగవాడనుకున్నాడు. నేనూ కాదనలేదు. మూగవాడికి కాస్త చిక్కటి పాలు పోసేవాడు.)

మాది పులికాట్ ఒడ్డున చిన్న ఊరు. రొయ్యలు, వలలు, పడవలు తప్ప వేరే ముచ్చట లేని ఇంట్లోంచి తిరుపతిలో ఆఫీసు ఉద్యోగానికి వచ్చిన మొదటివాణ్ణి నేనే. భూమి వేడెక్కకుండా మనుషులు ఏమేం చేయాలో ఊరూరా తిరిగి చెప్పే చిన్న సంస్థ అది. ఆ చెప్పే మాటల్ని కరపత్రాలుగా టైపు చేయడం నా పని. 'అవసరం లేని లైటు ఆర్పండి, చెట్టు నాటండి, దగ్గరి దూరాలకు నడవండి' అని కొట్టీ కొట్టీ నా వేళ్లు వాటంతట అవే నడిచేవి. మూడు నెలలైనా ఆఫీసులో నా పేరు ఎవరికీ తెలియదు. అందరికీ 'కొత్తబ్బాయి'నే. మధ్యాహ్నం వాళ్లంతా రెండు బల్లలు కలిపి క్యారియర్లు విప్పుకుని, ఒకరి పప్పు ఒకరు వడ్డించుకునేవాళ్లు. నేను కంప్యూటరుకు ఎదురుగా కూర్చుని, దానికి చూపిస్తూ తినేవాణ్ణి. అమ్మ ఫోను చేసి "తోడు ఎవురైనా ఉండారా నాయనా?" అంటే, "చాలామంది ఉండారమ్మా, అన్నం తినేదానికే చోటు చాలడం లేదు" అనేవాణ్ణి.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు మా పెద్దసారు అందరినీ సమావేశపరిచి, ఊళ్లకు చెప్పడమేనా, మనం మారవద్దా అని గంటసేపు మాట్లాడాడు. (ఆయన కారెక్కేటప్పటికి చల్లగా ఉండాలని డ్రైవరు బయట ఆ గంటసేపూ ఏసీ వేసే ఉంచాడు.) తర్వాత ఒక్కొక్కరు లేచి ఒక ప్రతిజ్ఞ చెప్పాలన్నాడు. అనుభవజ్ఞులు కాబట్టి ఒకరు పాత బల్బు మారుస్తామన్నారు, ఒకరు బజారుకు గుడ్డసంచి తీసుకుపోతామన్నారు. నా వంతు వచ్చింది. అంతమంది ఒకేసారి నా మొహం చూడడం అదే మొదలు. తల తిరిగిపోయింది. "ఏడాది పొడుగునా పెట్రోలు, డీజిలు బండి ఎక్కను సార్! ఆఫీసుకు నడిచే వస్తాను" అన్నాను. చప్పట్లు మోగాయి. సారు నా పేరు అడిగి మరీ గోడ మీది చార్టులో ఎర్రసిరాతో రాశాడు. సాయంత్రం అలవాటు కొద్దీ బస్టాపులో నిలబడ్డాక గానీ, నా గది చంద్రగిరి రోడ్డులో ఐదు కిలోమీటర్ల అవతల ఉందని గుర్తు రాలేదు. (బస్సెక్కడం భూమికి మంచిదేనని నేను టైపు చేసిన కరపత్రంలోనే ఉంది. ఆవేశంలో అదీ గుర్తు రాలేదు.)

మర్నాటి నుంచి నడక. కొండకు కాలినడకన వచ్చే భక్తులు పసుపుబట్టలతో, వట్టి కాళ్లతో పోయే దారి అదే. నాలుగో రోజున నా చెప్పు తెగింది. రెండింటినీ సంచిలో వేసుకుని, ఎండకు తాళలేక అమ్మ పంపిన తువ్వాలు తలకు చుట్టుకున్నాను. అది పసుపురంగుది కావడం నా తప్పు కాదు. మలుపు దగ్గర కొబ్బరాకుల పాక కింద కుండ పెట్టుకుని మజ్జిగ అమ్మే ఒక అవ్వ నన్ను చూసి కేకేసింది.

"ఓ సామీ! ఈ ఎండలో యాడికట్లా పరిగెత్తతాండావు? ఈడ నిలబడి గుక్కెడు మజ్జిగ తాగి పో."

తాగి, జేబులో చెయ్యి పెట్టాను. అవ్వ నా చెయ్యి మీద ఒక్కటేసింది. "మొక్కుతో నడిసే బిడ్డ కాడ దుడ్లు తీసుకుంటే నా కండ్లు పోతాయి. ఏం మొక్కు నాయనా?"

నాకు మొక్కూ లేదు, పాడూ లేదు, చెప్పు తెగింది అని చెప్పేసి ఉండాల్సింది. కానీ తిరుపతికి వచ్చాక నన్ను ఆపి, నా మొహం చూసి, నా కాళ్ల గురించి అడిగిన మనిషి ఆమె ఒక్కతే. "చెప్పకూడదంటవ్వా" అన్నాను. అవ్వ భక్తిగా తలూపి ఇంకో గ్లాసు పోసింది.

రెండో రోజు కనబడగానే "మళ్లా వచ్చినావే! అయితే మండలం మొక్కన్న మాట" అని ఆమే తేల్చేసింది. నలభై ఎనిమిది రోజులకు నా మజ్జిగ ఖాయమైంది. చెప్పు కుట్టించుకున్నా సరే, పాకకు కొంచెం ముందున్న కల్వర్టు దగ్గర విప్పి సంచిలో వేసుకుని, అవ్వ ముందు రెండొందల అడుగులు వట్టి కాళ్లతో నడిచి, మలుపు తిరిగాక చింతచెట్ల కింద మళ్లీ తొడుక్కునేవాణ్ణి. నలభై తొమ్మిదో రోజున "రెండో మండలమా? గట్టి మొక్కేలే" అంది జాలిగా. ఆ రోజే తన సంగతి చెప్పింది.

"మూడెకరాల సేను ఉండాది నాయనా మాకు. వానల్లేక బోరు ఎండిపాయె. రెండేండ్లుగా శెనక్కాయ ఎయ్యలేదు. ఉన్న ఒక్క ఆవును తోలుకొని సెల్లెలింటికి వచ్చి పడినా. ఈడ నాకేం తోస్తాది? నాతో మాట్లాడేది ఆ ఆవూ, నువ్వూ. నీ మొక్కులో నాదీ ఒక మాట కలుపు. వాన రావాల, నేను మా ఊరికి పోవాల."

అబద్ధపు మొక్కు అలా బరువెక్కింది. ఆ రోజు నుంచి నిజంగానే వాన రావాలని కోరుకుంటూ నడిచాను. (వానొస్తే అవ్వ వెళ్లిపోతుందని తట్టినప్పుడు, కొంచెం ఆలస్యంగా రానీ స్వామీ అని కూడా కోరుకున్నాను. ఆ సంగతి అవ్వకు తెలియదు.)

ఇంతలో ఎండ దెబ్బకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఆఫీసులో అడిగినవాడు ఒకడే, నా గది మీదుగానే బండి మీద ఆఫీసుకు వచ్చే, ఎప్పుడూ గళ్లచొక్కా వేసుకునే అన్న. "ఆ చార్టును ఇప్పుడు సూసేదెవురప్పా? నా బండెక్కు" అన్నాడు. చూశాను. చార్టు బీరువా వెనక్కి పోయి చాలా రోజులైంది. కాళ్లు ముందే ఒప్పుకున్నాయి, మనసు తర్వాత ఒప్పుకుంది. భూమికి ఇచ్చిన మాట అంత సులువుగా తప్పాను గానీ, అవ్వ ముందు బండి మీద పోవడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు. కల్వర్టు దగ్గర దిగడం, చెప్పులు విప్పడం, తువ్వాలు చుట్టుకోవడం, మొహంలోకి అలసట తెచ్చుకుని రెండొందల అడుగులు నడవడం, మజ్జిగ తాగడం, మలుపు అవతల మళ్లీ బండెక్కడం. చింతచెట్ల కింద కాచుకుని ఉండే గళ్లచొక్కా అన్న రోజూ మొత్తుకునేవాడు. "నాకేం కర్మబ్బా ఇది! సినిమా వేషగాడికన్నా ఎక్కువైపాయె నీ యవ్వారం."

ఒక రాత్రి కుండపోతగా వాన. పొద్దున రోడ్డంతా మట్టివాసన. కల్వర్టు దగ్గర బండి ఆగింది. నేను ఇంకా వెనక సీటు మీదే కూర్చుని, ఒక చెప్పు విప్పి చేత్తో పట్టుకుని, రెండోది విప్పుతున్నాను. తలెత్తితే ఎదురుగా అవ్వ. సంతోషం పట్టలేక పాక వదిలి నాకు ఎదురొచ్చింది. కొంగులో వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క.

"వానొచ్చింది నాయనా..." అని ఆగిపోయింది. బండిని చూసింది. నా చేతిలోని చెప్పును చూసింది. గళ్లచొక్కా అన్న శుభ్రంగా ఉన్న బండి అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. నాకు ఆ కల్వర్టులో దూకాలనిపించింది.

"మొక్కు తీరినాక బండెక్కితే తప్పేముండాది?" అంది అవ్వ నెమ్మదిగా. "సెప్పులేసుకో. తడి నేల, ముల్లు కనపడదు." శెనక్కాయలు నా దోసిట్లో పోసి, వెనక్కి తిరిగి పాక వైపు నడిచింది. నమ్మి అన్నదో, నన్ను కాపాడడానికి అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారి బండి వద్దని, గది నుంచే నడిచాను, చెప్పులతోనే. ఉన్నదంతా చెప్పేసి, తిట్టినన్ని తిట్లు తిని, ఆ తర్వాత మజ్జిగ పోస్తే తాగాలని. పాక కింద కుండ లేదు. పక్కన జామకాయలు అమ్మే ఆమె చెప్పింది. "అవ్వ తెల్లారకముందే ఆవును తోలుకొని పాయె. సేను పదునయ్యిందంట. ఆ నడిసే బిడ్డ వస్తే, ఇంక ఎండలో నడవొద్దని సెప్పమనింది."

వద్దన్నాక నడిచాను. మిగిలిన తొమ్మిది నెలలూ నడిచాను, ఒక్క రోజు కూడా బండెక్కకుండా. చప్పట్లు లేవు, మజ్జిగ లేదు, చూసేవాళ్లు లేరు. కొబ్బరాకులు ఒక్కొక్కటే గాలికి పోయి, పాక గుంజలు మాత్రం మిగిలాయి. ఏడాది నిండిన రోజు ఆఫీసులో చెబుదామనుకున్నాను గానీ, అందరూ అన్నాల దగ్గర ఉన్నారు. సాయంత్రం ఆ గుంజల మధ్య ఉన్న రాయి మీద కూర్చుని, సీసాలో నీళ్లు తాగి, "అవ్వా, నా మొక్కు తీరింది" అన్నాను. గొంతు పెగలడానికి కొంచెం సేపు పట్టింది.

ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాను. అవసరమైతే బుద్ధిగా బస్సెక్కుతాను, దగ్గరైతే నడుస్తాను, చప్పట్లకు మాటలివ్వడం మానేశాను. చెప్పులు చేత పట్టుకుని దొంగలా నడిచిన ఆ పసుపు తువ్వాలు కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ దారిలో ఎక్కడైనా కనబడితే వాడికి బుద్ధులేమీ చెప్పను. ఆపి, కూర్చోబెట్టి, ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, పేరేమిటని అడుగుతాను.