ఎత్తు పెంచిన జీపుకు బ్రేక్ హోసు

1949లో నేను జనగామ స్టేషన్ రోడ్డులో ఒక మోటారు షెడ్డులో మెకానిక్‌ని. అంతకుముందు సికింద్రాబాదులో మిలిటరీ బండ్లు బాగుచేసి ఉన్నాను కాబట్టి, ఈ చుట్టుపక్కల జీపు సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అని తెగ మురిసిపోయేవాణ్ని. ఊళ్లలోకి సైన్యం రాకుండా సాయుధ దళాలవాళ్లు రోడ్లకు అడ్డంగా కందకాలు తవ్వుతున్న రోజులవి.

ఒక పొద్దున సర్కారు దవాఖాన జీపు ఒకటి కుంటుకుంటూ వచ్చింది. కందకాలు దాటడానికి చక్రాల మీది స్ప్రింగు కమాన్లకు అదనపు పట్టీలు వేసి, దాని ఎత్తు నాలుగంగుళాలు పెంచారు. అందులో నర్సు శాంతమ్మ, డ్రైవరు కొమురయ్య హైదరాబాదు నుంచి మశూచి టీకా మందు తెస్తున్నారు. కాటారం పక్క ఊళ్లలో అమ్మవారు పోసింది, పసిపిల్లలు పోతున్నారు. మందు పెట్టెలోని ఐసు మర్నాటి సాయంత్రం దాటి ఆగదు.

బ్రేక్ హోసులు మూడూ ఉబ్బిపోయాయి. బండి చట్రం మీది ఇనుప పైపు నుంచి కదిలే చక్రాలకు బ్రేక్ ఆయిల్ అందించే రబ్బరు గొట్టాలవి. ఎవరో మహానుభావుడు బ్రేక్ ఆయిల్‌కు బదులు ఇంజన్ ఆయిల్ పోశాడు. రబ్బరుకు అది విషం.

"పెట్రోల్ గొట్టం ముక్క ఉంది, గది ఏస్తే నడవదా?" అంది శాంతమ్మ.

"నడవదు సిస్టరమ్మా. పెట్రోలు ఊరికే పారుతది. బ్రేక్ గొట్టంల మీ కాలు బలమంతా పడతది, పటుక్కున పగులుతది."

మిలిటరీ వేలంలో కొన్న జీపు హోసులు నా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కటీ వంచి చూసి, పగుళ్లు కనిపించినవి అవతల పారేశాను. మంచివి మూడు మిగిలాయి. బ్రేకుల లోపలి రబ్బర్లన్నీ మార్చి, పైపులు స్పిరిట్‌తో కడిగి, ముందు చక్రానికి ఒకటి బిగించాను. సరిగ్గా అందింది. చేతులు తుడుచుకుంటుంటే కొమురయ్య బండి కిందికి వంగాడు. యాభై దాటిన మనిషి, స్టీరింగు పట్టకముందు సగం జీవితం ఎడ్లబండి తోలినవాడు.

"తమ్మీ, జర చక్రం ఏలాడేటట్టు లేపు."

"ఎందుకన్నా? అందింది గద."

"ఎద్దు నిలవడ్డప్పుడు పలుపు సాలితే అయిపాయెనా? అది పండుకుంటది గద. గడ్డ దిగేటప్పుడు గీ చక్రం గట్లనే కిందికి జారుతది."

విసుక్కుంటూనే చట్రం కింద జాకీ పెట్టి లేపాను. చక్రం కిందికి దిగింది. స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి హోసు బిర్రుగా సాగి, కొస దగ్గర తెల్లగా గీత పడింది. నేలమీద నిలబడ్డ బండికి కొలత చూసి, కొండలెక్కే బండిని పంపబోయాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అంతకంటే పొడుగు హోసు లారీలది ఉంది గాని, చక్రం తిరిగినప్పుడు టైరుకు రాసుకుంటోంది. ఇక చేసేదేమీ లేదనుకున్నాను. శాంతమ్మ మందు పెట్టెను ఎండ తగలకుండా నీడలోకి జరిపింది.

కొమురయ్య హోసు పైకొస చూపిస్తూ అన్నాడు: "పలుపు పొడుగు గాకుంటే గుంజనే దగ్గరికి జరుపుతం. గీ గొట్టం పైకొస కట్టే జాగ కిందికి దింపరాదా?"

నాలుగేళ్ల మిలిటరీ పనిలో నాకు తట్టని సంగతి! మందపాటి ఇనుప పట్టీ కోసి చట్రానికి వేలాడదీసి, దాని మీద జీపు హోసు పైకొసను నాలుగంగుళాలు కిందికి దింపి బిగించాను. దానికి అందేలా పొడుగు ఇనుప పైపు వేశాను. మూడు చోట్లా అంతే. చక్రాలు వేలాడదీసి, అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా సాగలేదు, రాసుకోలేదు. కొత్త బ్రేక్ ఆయిల్ పోసి పైపుల్లోని గాలి తీసి, నేనూ కొమురయ్యా వంతులేసుకుని బ్రేకు బలంగా తొక్కాం. చుక్క కారలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే బయలుదేరారు.

పది రోజులకు జీపు మళ్లీ మా షెడ్డు ముందు ఆగింది.

"అడవిల దిగుడు మీద మలుపు తిరగంగనే కొత్త కందకం" అంది శాంతమ్మ. "కొమురన్న తొక్కితే అంచుకు జానెడు దూరంల ఆగింది. ఐసు కరగకముందే చేరినం. అందరికీ టీకాలేసినం."

అప్పటి నుంచి ఏ బండి వచ్చినా, పానా పట్టేముందు అది ఏ దారిన పోతుందో డ్రైవరును కూర్చోబెట్టి అడుగుతాను. మా పనిలో గురువును ఉస్తాద్ అంటాం. డ్రైవర్లను ఆ మాట అనే అలవాటు మాకు లేదు. జీపు తిరిగొచ్చిన ఆ రోజు మాత్రం అందరి ముందూ కొమురయ్య రెండు చేతులూ పట్టుకుని "ఉస్తాద్" అన్నాను.

ఆయన సిగ్గుపడి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "ముందుగాల చక్రం లేపు తమ్మీ, గొట్టం ఎట్లున్నదో సూడు" అన్నాడు.