నూనె పెట్టిన తీగలు

2018 ఎండాకాలం. తెలంగాణ వచ్చి నాలుగేళ్లయింది. మహబూబ్‌నగర్‌లో మా వాయిద్యాల దుకాణం అప్పటికి బాగానే నిలదొక్కుకుంది. మొదట్లో హార్మోనియాలు, డోలక్‌లు, భజన తాళాలు అమ్మి బతికినవాణ్ణి. తర్వాత కీబోర్డులు వచ్చాయి, గిటార్లు వచ్చాయి, వాటి వెనకే ఆంప్లిఫయర్లూ వచ్చాయి. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో రిపేర్లు. నాకు ముక్కు మీద కోపమని బజారంతా తెలుసు. ఎవరైనా వచ్చి "మంచిగ మోగేది ఒకటి ఇయ్యి సేటూ" అంటే, "ఏం మోగాలె, ఎక్కడ మోగాలె? గది చెప్పకుంట ఏం ఇయ్యాలె?" అని ఎదురు కసిరేవాణ్ణి. పక్క దుకాణం వాళ్లు నవ్వుకునేవాళ్లు.

బేస్ గిటార్ గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. మామూలు గిటార్‌కు ఆరు సన్న తీగలుంటాయి. బేస్‌కు సాధారణంగా నాలుగే, కానీ బాగా లావువి. అది పాట ఎత్తుకోదు. పాట కింద నడుస్తూ డోలక్‌నూ గొంతునూ ఒకచోట పట్టి ఉంచుతుంది. మా వైపు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో చాలామంది దాన్ని పెట్టుకోరు. కీబోర్డ్ వాయించేవాడే ఎడమ చేత్తో ఆ పని కానిచ్చేస్తాడు. అందుకే బేస్ కోసం నా దుకాణం మెట్లెక్కేవాళ్లు చాలా తక్కువ.

అలాంటిది ఒక మధ్యాహ్నం, కుక్కలు కూడా నీడ వదలని ఎండలో, ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చారు. ముందున్నామెకు ముప్పై ఏళ్లుంటాయి. భుజాన పొడుగాటి సంచి, పాత దుప్పటితో కుట్టింది. వెనకున్నామె ఆమె అత్త. వస్తూనే ఫ్యాన్ కింద కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నా, ఐదు తీగల బేస్ గిటార్ కావాలె. గట్లనే డీజే డబ్బా ఒకటి, పెద్దది" అంది కోడలు.

"డీజే డబ్బానా? బరాత్ తీస్తవా ఏంది చెల్లె?"

"బరాత్ ఏడిది సేటూ!" అంది అత్త కుర్చీలోంచే. "మా సుజాతను ఆర్కెస్ట్రాలకెళ్లి తీసేస్తాన్రు."

అప్పుడు విషయం చెప్పారు. కొత్తకోటలో వాళ్లది నేత కుటుంబం. ఇంట్లో రెండు మగ్గాలు, అత్తాకోడళ్లిద్దరూ నేస్తారు. సుజాత పెళ్లికి ముందే మేనమామ దగ్గర బేస్ నేర్చుకుంది. పెళ్లిళ్ల కాలంలో అక్కడి ఆర్కెస్ట్రాతో హైవే వెంట ఉన్న ఫంక్షన్ హాళ్లన్నీ తిరుగుతుంది. ఆర్కెస్ట్రా యజమానే కీబోర్డ్ వాయిస్తాడు. అందరూ మాస్టర్ అంటారు. ఆయన ఆమెతో తెగేసి చెప్పాడట: "నీ గిటార్ ఇనవడ్తనే లేదమ్మా. ఇనవడ్డప్పుడల్ల గుయ్యిమని హాల్ అంత మోత. వచ్చే పెండ్లి వరకు చూస్త. గప్పుడు గూడ గిట్లనే ఉంటె నా ఎడమ చెయ్యి సాలు నాకు."

"పెద్ద డబ్బా ఉంటె ఇనవడ్తది గదన్నా?" అంది సుజాత.

నా నోరు ఊరుకోదు కదా. "పోతె పోయె, మగ్గం ఉండనే ఉండె. గింత బాధ ఎందుకు?" అన్నాను.

ఆమె చప్పున తలెత్తింది. "మగ్గం గుంటల కూసుంటె ఎదురుంగ గోడ తప్ప ఏం కనవడదన్నా. గా స్టేజి మీద నిలవడ్తె మనుషులు కనవడ్తరు. నా చెయ్యి ఆడితె వాళ్ల కాళ్లు ఆడ్తయి. గది పోతె నాకేం మిగుల్తది?"

దుకాణం పెట్టినప్పటి నుంచి బేస్ ఎందుకు కావాలో ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు. "సరె, ముందు నీ గిటార్ తియ్యి" అన్నాను.

గిటార్ మంచిదే. పాతదైనా కర్ర నిటారుగా ఉంది. ఆంప్‌కు తగిలించి వాయించమన్నాను. వేళ్లు బాగా నడుస్తున్నాయి, తాళం ఎక్కడా తప్పడం లేదు. శబ్దమే చచ్చిపోయింది. తడి గోనె మీద కర్రతో కొట్టినట్టు 'ధబ్' మని అక్కడే ఆగిపోతోంది. తీగ మీద వేలు పెట్టి చూశాను. జారింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఇదేంది, పల్లినూనె వాసనొస్తాంది?"

సుజాత అత్త వైపు చూసింది. అత్త కొంగు సర్దుకుంది.

"నేనే పెట్టిన సేటూ. వేళ్లు జరిపినప్పుడల్ల కిర్రు కిర్రుమంటున్నయని మాస్టర్ దీన్ని తిట్టిండట. పడుగు పోగులు అంటుకోకుంట రాస్తం గద, గట్లనే గుడ్డ ముంచి రాసిన. కిర్రు పోయిందా లేదా?"

నేను పగలబడి నవ్వాను. వెనక గదిలోకి పోయి కూడా నవ్వాను. తిరిగొచ్చేసరికి ముసలామె మొహం చిన్నబోయి ఉంది. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మాదీ నేత ఇల్లే. మగ్గం పక్కన నూనె గుడ్డ పెట్టుకుని, పోగు గరుకైన చోటల్లా వేలితో తడుముతూ రాసేది. మా ఇంట్లో గిటార్ ఉండి ఉంటే ఆమె చెయ్యి కూడా ఆ గుడ్డ మీదికే పోయేది. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"పెద్దమ్మా, కిర్రు పోయిన మాట నిజమే. దాంతోపాటు గొంతు గూడ పోయింది" అని తీగ చూపించి చెప్పాను. ఆ గిటార్‌కున్న తీగలను రౌండ్‌వౌండ్ అంటారు. లోపల ఒక తీగ, దాని చుట్టూ గుండ్రటి సన్న తీగ చుట్టి ఉంటుంది. అందుకే పైన గరుకుగా ఉంటుంది, వేలు జరిపితే కిర్రుమంటుంది. ఆ గరుకు సందుల్లో నూనె, దుమ్ము చేరితే తీగ ఊగడం మానేస్తుంది. ఇక దాని వెనక ఎంత పెద్ద డబ్బా పెట్టినా ఏం లాభం?

పాత తీగలు తీసేసి కొత్త రౌండ్‌వౌండ్ వేశాను. శబ్దం గణగణమంది. నాకు హాయిగా అనిపించింది. సుజాత నాలుగు దెబ్బలు వాయించి ఆగిపోయింది.

"మంచిగుంది గానీ, ఇది నాది కాదన్నా."

"మరి నీదేది?"

చెప్పలేకపోయింది. చేతులు తిప్పింది, పెదవి కొరుక్కుంది. గిరాకీల్లో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. వినాల్సింది చెవికి తెలుసు, మాటకు అందదు. నాకు విసుగు తన్నుకొస్తోంది. ఇంతలో అత్త కుర్చీలోంచి లేచింది.

"పలక కొట్టినట్టుండాలె సేటూ. నాడె పోయినంక పలక గుంజి కొడ్తం గద, ధమ్మని. దెబ్బ గట్టిగ పడాలె, పడ్డంక అయిపోవాలె. ఎనక తోక ఉండొద్దు."

"ఆఁ, గదే! గదే అన్నా!" అంది సుజాత.

పలక అంటే మగ్గంలో నాడె అడ్డంగా తెచ్చిన పోగును దెబ్బతో బిగించే బరువైన చట్రం. నేను అత్త వైపు కొత్తగా చూశాను. నూనె పెట్టడం తప్పే. కానీ చెవి తప్పు పోలేదు. ఇద్దరూ కోరుకున్న శబ్దం ఒకటుంది, దానికి దారి తెలియక నూనె గుడ్డ పట్టుకున్నారు. ఆ దారి నా దగ్గరుంది. ఫ్లాట్‌వౌండ్ అని మరో రకం తీగలుంటాయి. వాటి చుట్టూ గుండ్రటి తీగకు బదులు చదునైన పట్టీ చుడతారు. పైన నున్నగా ఉంటుంది, కిర్రుమనదు. దెబ్బ నిండుగా పడి తొందరగా ఆగిపోతుంది. మా ఊళ్లో ఎవరూ అడగరు కాబట్టి ఒక్క సెట్టు చాలాకాలంగా సొరుగులో పడి ఉంది. అది వేశాను. ఈ తీగలు కాస్త ఎక్కువ బిగుతు కాబట్టి మెడ వంగకుండా లోపలి ఇనుప కడ్డీని కొంచెం సవరించాలి. దాన్ని ట్రస్ రాడ్ అంటారు. నేను అది తిప్పుతుంటే అత్త పక్కనే నిలబడి, "పడుగు బిగువు చూసినట్టె చూస్తాన్నవే" అంది. ఆ మాటకు నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను.

సుజాత మళ్లీ వాయించింది. ధమ్. ఆగింది. ధమ్. కళ్లు మూసుకుని కాసేపు వాయిస్తూనే ఉండిపోయింది.

ఇక ఐదో తీగ సంగతి. అది నాలుగో తీగ కంటే ఇంకా కింది స్వరానికి పోతుంది. మన ఫంక్షన్ హాళ్లు సిమెంటు గోడలు, రేకుల కప్పు. అంత కింది శబ్దం అక్కడ గుయ్యిమని మోగుతుందే తప్ప స్వరం తెలియదు. డీజే డబ్బా పెడితే ఆ గోల పదింతలవుతుంది. ఇంతకాలం ఆమె గిటార్ వైరు పాడేవాళ్ల స్పీకర్లలోకే పోయేది. వినబడటం లేదంటే మిక్సర్ ఆపరేటర్ 'లో' అనే బిరడా తిప్పి పెంచేవాడట. బేస్ అంటే 'లో' పెంచాలని అందరూ అనుకుంటారు. దూరాన ఉన్న చెవికి బేస్‌ను చేర్చేది 'మిడ్', అంటే నడిమి స్వరాల బిరడా.

ఇది మాటల్తో చెబితే నమ్మరు. అందుకని ఒక చిన్న కాంబో తీశాను. ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని కాంబో అంటారు. పన్నెండు అంగుళాల స్పీకర్, ఒక్క చేత్తో బస్సెక్కించగలిగే బరువు. "పెద్దమ్మా, రోడ్డు దాటి చాయ్ హోటల్ కాడ నిలవడు. ఇనవడ్తె చెయ్యెత్తు" అన్నాను.

ఆమె పోయి నిలబడింది. మధ్యలో లారీలు, ఆటోలు. ముందు లో నిండుగా పెట్టి వాయించమన్నాను. మా గాజు తలుపు గడగడలాడింది. అవతల అత్త చెయ్యి అడ్డంగా ఊపింది. అప్పుడు లో తగ్గించి మిడ్ పెంచాను. లోపల మాకు చప్పుడు తగ్గినట్టే అనిపించింది. "గింత చిన్నగనా?" అంది సుజాత.

"నువ్వు వాయించు, అటు చూడు."

అత్త చెయ్యెత్తలేదు. ఎత్తాలన్న సంగతే మరిచిపోయినట్టుంది. రోడ్డు పక్కన నిలబడిన ఆమె కుడిచెయ్యి ముందుకీ వెనక్కీ పోతోంది. దెబ్బ దెబ్బకు గాల్లోనే పలక గుంజుతోంది. చాయ్ హోటల్ వాళ్లు ఆమెను వింతగా చూస్తున్నారు. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను బిరడాలు తుడుస్తున్నట్టు నటించాను.

"పెండ్లి అయినంక నచ్చితెనే ఉంచుకో. ఒక్కటి యాద్ పెట్టుకో. స్టేజి చెక్కల మీద పెట్టకు, కింద బోలుగుంటది, గుయ్యిమంటది. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టు. నీ చెవికి గూడ అందుతది" అని చెప్పి పంపాను.

పెళ్లి రోజు నేనూ పోయాను. పిలిచింది సుజాతే కానీ, పిలవకపోయినా పోయేవాణ్ణే. కొత్తకోట దాటాక హైవే పక్కన ఫంక్షన్ హాల్. తలంబ్రాలు అయిపోయి భోజనాలు నడుస్తున్నాయి. స్టేజి మీద కుర్చీ, కుర్చీ మీద పెట్టె చూసి మాస్టర్ మొహం చిట్లించాడు.

"డబ్బాకు గూడ కుర్చీ ఎయ్యాలెనా అమ్మా?" అన్నాడు. డోలక్ వాయించే అతను నవ్వాడు. సుజాత పెట్టెకు వైరు తగిలించుకుంది.

నేను హాల్ చివర, మజ్జిగ పోస్తున్న చోట నిలబడ్డాను. ఒక పాట, రెండు పాటలు. మోత లేదు. ఎవరూ చెవులు మూసుకోలేదు. అలా అని ఎవరూ బేస్ వైపు చూడనూ లేదు. మాస్టర్ కూడా చూడలేదు. మంచి బేస్ ఎప్పుడూ ఇంతే. పాటలో కలిసిపోతుంది, మెచ్చుకోవడానికి విడిగా దొరకదు. ఈయనకు ఎలా తెలుస్తుంది?

మూడోది అందరికీ తెలిసిన పాత జోడి పాట. స్టేజి ముందు పెళ్లికొడుకు మేనత్తలు, పిల్లలు ఎగరడం మొదలుపెట్టారు. పాట మంచి ఊపులో ఉంది. చరణం మధ్యలో సుజాత తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపేసింది.

డోలక్ మోగుతూనే ఉంది, కీబోర్డ్ మోగుతూనే ఉంది, గొంతులు పాడుతూనే ఉన్నాయి. కానీ ఏదో ఊడిపోయింది. మేనత్తల అడుగులు తడబడ్డాయి. మజ్జిగ పోసే అతను గరిటె పట్టుకుని స్టేజి వైపు తిరిగాడు. పాడే అమ్మాయి వెనక్కి చూసింది. మాస్టర్ ఎడమచెయ్యి గబగబా కింది మెట్లకు పోయింది, అందుకోలేకపోయింది. ఆయన గట్టిగా అరిచాడు, మైకులో అందరికీ వినబడింది.

"ఏమైందమ్మా? ఆపినవేంది?"

సుజాత నవ్వింది. "ఇనవడ్తలేదంటిరి గద మాస్టర్! మరి ఆపినట్టు ఎట్ల తెలిసింది?"

అని, మళ్లీ కొట్టింది. ధమ్. మేనత్తల కాళ్లు తిరిగి నేల పట్టుకున్నాయి. మాస్టర్ తల అడ్డంగా ఊపాడు, నవ్వాడు, ఎడమచెయ్యి తీసి తొడ మీద పెట్టుకున్నాడు. ఆ పాట అయ్యేదాకా అది మళ్లీ కీబోర్డ్ ఎక్కలేదు. ముందు వరసలో కూర్చున్న అత్త ఆ చేతినే చూస్తూ విస్తరిలో అన్నం మరిచిపోయింది.

సుజాత ఇప్పటికీ అదే ఆర్కెస్ట్రాలో ఉంది. తీగలకు నూనె పెట్టడం లేదు, పొడిగుడ్డతో తుడుస్తున్నారు. ఆ తుడిచే పని మాత్రం అత్తదే, ఎవరినీ ముట్టుకోనివ్వదట.

నా కోపం ఏమంత తగ్గలేదు. కానీ ఎవరైనా వచ్చి "మంచిగ మోగేది ఇయ్యి" అంటే ఇప్పుడు కసరను. కుర్చీ వేసి కూర్చోబెట్టి, రోజంతా ఏ చప్పుడు మధ్య బతుకుతావని అడుగుతాను. తర్వాత నలుగురితో కలిసి వాయించమని, నడిమధ్యలో చెయ్యి పెట్టి ఆపమంటాను. ఆపినప్పుడు మిగిలినవాళ్లు తల తిప్పి చూశారంటే, ఆపినవాళ్లకు నేను కొత్తగా అమ్మాల్సిందేమీ ఉండదు.