తువాలు కింద చెయ్యి

బళ్లారి దగ్గర సిరుగుప్పలో వడ్ల బేరం నోటితో జరిగేది కాదు. నోటి పాటికి నోరు వానల గురించీ, కాలువ నీళ్ల గురించీ, ఎవరింట్లోనో కుదిరిన సంబంధం గురించీ మాట్లాడుతూ ఉండేది. అసలు బేరం తువాలు కింద వేళ్లు చేసుకునేవి. రైతు భుజం మీది తువాలు తీసి ఒళ్లో పరిస్తే, సావుకారు దాని కింద చెయ్యి పెట్టేవాడు. ఏ వేలు పట్టుకుంటే ఏ ధరో ఇద్దరికీ తెలుసు. ఒప్పుకుంటే గట్టిగా ఒక నొక్కు. వద్దనుకుంటే అరచెయ్యి చాచి, చాచింది చాచినట్టే వెనక్కి తీసుకోవాలి. పరిచిన తువాలు కింద అసలు చెయ్యే పెట్టకపోవడం మాత్రం రైతును అవమానించినట్టే. మార్కెట్ యార్డు కట్టి బోర్డు తగిలించాక కూడా, ఎనభైల్లో, పాత ఖాతాల వాళ్లు ఇలాగే అమ్ముకున్నారు, ఇలాగే కొన్నారు.

ఈ పద్ధతికి ఇంకో ముడి కూడా ఉంది. తువాలు కింద ఏ చెయ్యి మాట ఇచ్చిందో ఆ చెయ్యే కాటా దగ్గర నిలబడాలి. ఆఖరి మూట తూకం అయ్యేదాకా కదలకూడదు. అన్న బేరం చేసి తమ్ముణ్ణి తూకానికి పెడితే రైతు మూటలు తిరిగి బండెక్కించుకుని పోయేవాడు, అడిగే నాథుడు లేడు.

విరూపాక్షయ్య వడ్ల మండీలో ఆ చెయ్యి పాండురంగయ్యది. పాండురంగయ్య ఆయన తమ్ముడి కొడుకు. తండ్రి చిన్నప్పుడే పోతే పెదనాయన పెంచాడు, బళ్లారిలో బీకాం దాకా చదివించాడు. చదువు కాగానే పై చదువుకు పోతానని పిల్లవాడు నోరు తెరిచే లోపు పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగి వచ్చింది, మాట తిరిగి వచ్చింది, కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చునే వస్తువైపోయింది. చెయ్యి లేని సావుకారు దగ్గరికి రైతు ఎందుకొస్తాడు? ఆ నాటి నుంచి పాండురంగయ్య కుడిచెయ్యి మండీ సొత్తు. మిగతా మనిషి ఎవరికీ అక్కర్లేదు, చేతికి తోడుగా వచ్చి కూర్చునేవాడు, అంతే.

అతనికి బెంగుళూరులో మేనేజ్‌మెంట్ చదవాలని ఉండేది. దానికి దేశమంతటికీ ఒక ప్రవేశ పరీక్ష. పోస్టులో పాఠాలు తెప్పించుకున్నాడు. అయితే చదవడం ఎక్కడ? తెల్లారితే మండీ, దీపాలు పెట్టినా మండీ. వెనకే మిల్లు, దాని బెల్టు చప్పుడుకి పక్కనున్నవాడి మాటే వినబడదు. లారీ లోడయ్యే సందులో ఒక లెక్క, హమాలీలు టీకి పోయినప్పుడు నాలుగు ఇంగ్లీషు మాటలు. బ్యాంకు పనిమీద బళ్లారికి పోయే ఎర్రబస్సే అతని కాలేజీ. చేప వాసన కూడా తెలియని ఇంట్లో పుట్టినవాడు, గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ, తిమింగిలాలు ఎట్లా నిద్రపోతాయో మూడు పేజీలు చదివి కింద ప్రశ్నలకు జవాబులు రాసుకునేవాడు. పుస్తకం తెరిస్తే తవుడు రాలేది. ఇదంతా తలచుకుంటే నవ్వూ వస్తుంది, కడుపూ మండుతుంది.

ఎందుకంత తపన అంటే, మండీలో గోడ ఉంది. సావుకారు కూర్చునే గద్దె మీది దిండు వెనక సున్నపు గోడ మీద తాత తల ఆనించిన చోట ఒక నూనె మరక, దాని పక్కన పెదనాయన మరక. ఒకరోజు పాండురంగయ్య లేచి వెనక్కి చూస్తే మూడోది లేతగా మొదలై కనబడింది. అది తన తలదే.

అడగగా అడగగా విరూపాక్షయ్య దిగివచ్చాడు. చెడ్డమనిషి కాదు ఆయన, చెయ్యి పోయిన మనిషి.

"ఒక్క తూరి పో. సీటొస్తే నేనే వచ్చి బెంగుళూరులో వదిలిపెడ్తా. రాకుంటే మళ్లా ఆ మాట ఎత్తొద్దు. గద్దె మీద కూచో. సరేనా?"

"సరే పెదనాయనా."

పరీక్ష వచ్చి వచ్చి డిసెంబరులో, ఆదివారం పొద్దున, బెంగుళూరులో పడింది. కోతల కాలం, మండీ ఊపిరాడని కాలం. అయినా పెద్దాయన మాట మీద నిలబడ్డాడు. ఆ వారం చివర కొనుగోలు బంద్ అని అందరికీ చెప్పించాడు. "చెయ్యి జేబులో పెట్టుకోరా, బయటికి తీస్తే నీదే తప్పు" అని నవ్వాడు కూడా. పాండురంగయ్య నిజంగానే జేబులో పెట్టుకుని తిరిగాడు. శనివారం సాయంత్రం బస్సుకు బళ్లారి, అక్కణ్ణుంచి రాత్రి రైలు. తల్లి శారదమ్మ సంచి సర్ది మండీలో మేకుకు తగిలించి పోయింది. పోతూ పోతూ, "నువ్వు పోతావని నాకు బెంగ లేదు నాయనా. పోకుండా ఈడ్నే ఉంటావేమోనని నాకు బెంగ" అంది.

శనివారం మధ్యాహ్నం కెంచనగుడ్డ అనే పక్క ఊరి నుంచి హంపన్న వచ్చాడు. తాతల నాటి ఖాతా. వెనక రెండు ట్రాక్టర్ల వడ్లు, తన ఊళ్లో ఇంకా నిండి నిలబడ్డ ట్రాక్టర్లు ఉన్నాయట.

"మోడం పట్టింది సావ్కారీ. ఏటి మీద నల్లగా ఉండాది. కళ్లంలో పెడితే మొలకలొస్తాయి" అన్నాడు.

"ఈ వారం కొనుగోలు లేదు హంపన్నా. పిల్లోడు పరీచ్చకు పోతాండాడు" అన్నాడు విరూపాక్షయ్య.

"తెలుసు. సుమ్నే, ఊరికే కూచుంటా, దమ్ము తీసుకుని పోతా" అంటూనే హంపన్న అలవాటుగా తువాలు ఒళ్లో పరిచాడు.

పరిచాక చెయ్యి పెట్టకపోతే మర్యాద కాదు. పెట్టి, అరచెయ్యి చాచి, తీసేస్తే సరిపోతుందనుకున్నాడు పాండురంగయ్య. చెయ్యి జేబులోంచి తీసి తువాలు కింద పెట్టాడు.

హంపన్న వేళ్లు పట్టుకున్న ధర ఆ ఏడు అక్కడ ఎవరూ అడగనంత తక్కువ. వాన భయం మనిషిని ఎంతకు దించిందో ఆ పట్టులోనే తెలిసింది. పైన నోరు మోడం గురించి ఏదో అంటోంది. అరచెయ్యి చాచాల్సిన చోట పాండురంగయ్య వేళ్లు హంపన్నది ఇంకో వేలు మడిచాయి, ఇంకా దిగమన్నాయి. హంపన్న చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుని, సడలి, దిగింది. పాండురంగయ్య గట్టిగా నొక్కాడు. నొక్కినప్పుడు ఒళ్లంతా సంతోషం పాకింది, ఆ మాట దాచి లాభం లేదు. ఆ తర్వాతే మేకుకు వేలాడుతున్న సంచి కంటబడింది.

హంపన్న తువాలు దులిపి లేచాడు. "ఖరారు. కాటా పెట్టండప్పా."

విరూపాక్షయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. ఒళ్లో కుడిచేతిని ఎడమచేత్తో సర్దుకున్నాడు.

"పెదనాయన కూచుంటాడు హంపన్నా, తూకానికి. నేను బస్సుకు పోవాల" అన్నాడు పాండురంగయ్య.

హంపన్నకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. "అప్పా, నేను దిగినాక కూడా ఇంకొంచెం దించింది యెవురు? నీ చెయ్యే గదా. దించిన చెయ్యి లేకుండా నా వడ్లు యెట్ల కాటా ఎక్కుతాయి? నువ్వు పోతావంటే పో, నేను వద్దనను. వడ్లు వాపసు తోలుకపోతా. దారిలో తడిస్తే నా కర్మ."

అందులో తప్పు పట్టడానికి ఏముంది? పెదనాయన 'ఉండు' అని ఉంటే ఎదిరించేవాడు. హంపన్న తన కాళ్లు పట్టుకుని ఉంటే విదిలించుకుని పోయేవాడు. ఎవరూ ఆపలేదు. గడప దాకా వెళ్లాడు, ఆకాశం చూశాడు. దించి, తడవడానికి వదిలిపెట్టి పోవడం అతని వల్ల కాలేదు. వచ్చి కాటా పక్కన నిలబడ్డాడు. హమాలీలు మూటలు దించడం మొదలుపెట్టారు.

సాయంత్రం బళ్లారి బస్సు మండీ ముందు ఆగింది. ఆ దారిలో కండక్టరుకు పాండురంగయ్య బాగా ఎరిక, పుస్తకం పట్టుకుని ఎక్కే మనిషి కదా. కిటికీ పక్క సీటు ఆపి పెట్టాడు. ఫుట్‌బోర్డు మీంచి వంగి, "బర్తీరా సావ్కార్రే?" అని కన్నడలో, వస్తారా అని అడిగాడు. కాటా మీద మూట ఊగుతోంది. పాండురంగయ్య చెయ్యి ఎత్తి పొమ్మన్నాడు. అదే చెయ్యి. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది, కాసేపటికి ఆ దుమ్ము మీదే వాన మొదలైంది. లోపలికి చేరిన వడ్లు తడవలేదు.

హంపన్న ఊళ్లో ఆగిన ట్రాక్టర్లు వాన తెరిపిచ్చాక మరునాడు పొద్దున వచ్చాయి. బెంగుళూరులో ఎవరెవరో పెన్సిళ్లు చెక్కుకుని కూర్చున్న వేళకు పాండురంగయ్య తవుడు పడ్డ కళ్లతో తూకం చూస్తున్నాడు. ఆఖరి మూట దిగాక హంపన్న తన తువాలు మడిచి అతని భుజం మీద వేశాడు. "మీ తాత చెయ్యే నీకొచ్చిందప్పా" అన్నాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆ ఊళ్లో లేదు. పాండురంగయ్యకు ఏడుపొచ్చింది. తువాలుతోనే మొహం తుడుచుకున్నాడు, చెమట అనుకున్నారు అందరూ.

సంచి తీసుకుని అన్నానికి ఇంటికి పోతే శారదమ్మ దాన్ని విప్పి, దారికని కట్టిన మండక్కి బొరుగులు కంచంలో పోసింది. మధ్యాహ్నం విరూపాక్షయ్య దిండు మీంచి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"వచ్చే యేడు చూద్దాంలేరా" అన్నాడు నెమ్మదిగా.

ఒక్క తూరి అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. పాండురంగయ్య చెయ్యి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు, ఎందుకో తనకే తెలియదు.

అంతలో ఇంకో రైతు మెట్లెక్కి వచ్చాడు. మిగిలిన మోడం గురించి మాట్లాడుతూ ఎదురుగా కూర్చుని, ఒళ్లో తువాలు పరిచాడు. పాండురంగయ్య తల గోడకు ఆనించి, ఆ మరక ఉన్న చోటే ఆనించి, జేబులోంచి చెయ్యి తీశాడు.