తూము కింది పొలం

శ్రీలంక నుంచి చెరువుల ఇంజనీరొకాయన మా ఊరికి వచ్చింది ఎనభైల్లో, ఒక కరువు యాసంగిలో. పొరుగు దేశాలవాళ్లు ఒకరి చెరువులు ఒకరు చూసి, వానలు మొహం చాటేసిన ఏడు ఎలా గట్టెక్కాలో నేర్చుకోవాలని పెద్దలెవరో చేసిన ఏర్పాటు. నేను వరంగల్‌లో ఇంగ్లీషు లెక్చరర్ని. పాలంపేట దిక్కు చెరువులు చూపించి, ఆయన మాట తెలుగులో చెప్పే పని నామీద పడింది. తగుదునమ్మా అని ఆయన్ను మా ఊరికే తీసుకుపోయాను. గొప్ప చూపించుకోవాలి కదా!

మేం వెళ్లేసరికి చెరువుకట్ట మీద పంచాయితీ నడుస్తోంది. ఉన్న నీళ్లు సగం పొలాలకు కూడా చాలవు. మా దగ్గర పద్ధతి ఒకటే: తూము దగ్గరి పొలం ముందు తడవాలి, మిగిలితేనే కాలువ చివరికి. తూము కింది నాలుగెకరాలు మా నాయనవి. కాలువ చివర ఎకరంన్నర మా చిన్నమ్మది. చిన్నాయన పోయాక ఇద్దరు పిల్లలతో ఆ మడి మీదే బతుకుతోంది. అప్పటికే నారు పోసుకుంది.

"మా నోట్ల మన్ను గొడ్తవా బావా?" అని ఆమె నిలదీస్తోంది.

"నీళ్లు నేనేమన్న దాసుకున్ననా?" అని మా నాయన అరుస్తున్నాడు. రెండు వైపులా కట్టెలు లేచాయి.

చిన్నమ్మ నావైపు తిరిగింది. "బిడ్డా, ఆ సారును జర అడుగు. గిసొంటి కరువుల వాళ్ల దేశంల ఏం జేస్తరట?"

అడిగాను. ఆయన నింపాదిగా చెప్పాడు. అలాంటి కరువు ఏట వాళ్ల ఊళ్లలో తూము కింది పొలాన్నే అందరికీ పంచుతారట. ఎవరి వంతు వాళ్లు అక్కడే పండించుకుంటారట. పంట కోశాక పొలం మళ్లీ ఆసామిదేనట.

కట్ట మీద అందరూ నా నోటివంకే చూస్తున్నారు, మా నాయన కూడా. ఈ మాట తెలుగులో పడిందంటే మా నాలుగెకరాలకూ ముక్కలు పడతాయి. హన్మకొండలో నా ఇంట్లో ఉడికేదీ ఆ పొలం బియ్యమే.

"వాళ్ల దగ్గర గూడ గింతేనట. తూము దగ్గరోళ్లకే ముందట," అన్నాను.

ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! కట్టెలు దిగాయి. చిన్నమ్మ కట్ట దిగి వెళ్లిపోయింది. జీపు దగ్గర ఇంజనీరు, "ఏమన్నారు?" అని ఆశగా అడిగాడు. ఆలోచిస్తామన్నారని చెప్పాను. పాపం, అది కూడా నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

నెల తిరక్కుండానే ఆమె నారు ఎండిపోయింది. మళ్లీ నేను ఊరికి వెళ్లేసరికి, పిల్లల్ని వెంటబెట్టుకుని మూటలతో రోడ్డు మీద నిలబడి ఉంది. కూలికి వర్ధన్నపేట దిక్కు పోతున్నారట. తప్పించుకు పోదామనుకున్నాను గానీ చూసేసింది. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా. గంత మందిల మా కోసం నోరు దెరిసి అడిగింది నువ్వొక్కనివే."

బస్సొచ్చింది. మూటలు నేనే పైకి అందించాను, నిజం మాత్రం చెప్పలేదు.