ఇటలీ ఆవుకు అమ్మమ్మ పాట

మా లాకీ మామయ్య రెండో ప్రపంచ యుద్ధానికి బయల్దేరిన తెల్లవారుజామున ఎఫీ అమ్మమ్మ కొట్టంలో పాలు పితుకుతోంది. కెనడాలోని మా కేప్ బ్రెటన్ దీవిలో ఆ వేళకు సముద్రం మీది మంచు గుమ్మం దాకా వచ్చేస్తుంది. మామయ్య సైనిక దుస్తుల్లో ఆ మంచులోంచి వచ్చి నిలబడ్డాడట. చెల్లెలైన మా అమ్మ పక్కనే ఉంది. ఆవిడ చూసింది ఆవిడ చెప్పింది, మిగతాది మామయ్యే చెప్పాడు.

"అమ్మా, వెళ్లొస్తా."

"వెళ్లిరా నాయనా. ఇప్పుడు నేను లేస్తే ఇది తన్నేస్తుంది," అంది అమ్మమ్మ, తల తిప్పకుండానే.

ఆ ఆవు ఎవర్నీ తన్నిన పాపాన పోలేదు. అమ్మమ్మ నుదురు దాని డొక్కకు ఆనించి, మా గేలిక్ భాషలో ఎప్పుడూ పాడే పాట కూనిరాగం తీస్తూ పితుకుతూనే ఉంది. మామయ్య వంగి, ఆమె తలగుడ్డ మీద ముద్దు పెట్టి వెళ్లిపోయాడు.

ఇటలీలో ఆ చలికాలమంతా వాన, బురద. ఫిరంగులు ఆగితే చాలు, మామయ్య కళ్లు మూసుకునేవాడు. ఇక్కడ పొద్దు నడినెత్తికొస్తే అక్కడ ఊళ్లో వాళ్లమ్మ పొయ్యి రాజేసే వేళ. ఇప్పుడు ఓట్స్ రొట్టె కాలుస్తోంది, ఇప్పుడు చేతులు తుడుచుకుంటోంది అని ఒక్కో పనీ ఊహించుకుంటుంటే, కందకంలో నీళ్లు మోకాళ్లకు వచ్చినా తెలిసేది కాదట.

"ఏరా, మీ అమ్మ పేడ ఎత్తేసిందా?" అని ఏడిపించేవాడు అదే దళంలో ఉన్న మా ఊరి డన్నీ.

"ఎత్తేసింది. ఇప్పుడు మీ అమ్మను ఓదారుస్తోంది, నీలాంటి వాణ్ణి కన్నందుకు."

ఒక కొండపల్లెలో వాళ్లకు అసుంతా అనే ముసలామె ఇంట్లో మకాం దొరికింది. గుండ్ల మోతకు ఆమె ఆవు బెదిరిపోయి పాలు చేపడం మానేసింది. ఆమె పొదుగు పట్టుకుని బతిమాలుతోంది, తిడుతోంది, ఏడుస్తోంది. మామయ్య మెల్లగా వెళ్లి పీట మీద కూర్చున్నాడు. ఆవు డొక్కకు నుదురు ఆనించాడు. వెచ్చగా, ఎండుగడ్డి వాసన. తనకు తెలియకుండానే అమ్మ పాట గొంతులోంచి వచ్చేసింది. ఆవు వణుకు తగ్గింది. కాసేపటికి బకెట్లో సన్నటి ధార మోగింది.

ఆ ధార చప్పుడులో యుద్ధం ఎక్కడికో వెళ్లిపోయిందన్నాడు మామయ్య. బయట వాన మా ఊరి వాన అయిపోయింది. వెనక్కి తిరిగితే అమ్మ ఉంటుందనిపించి తిరగలేదట, ఎక్కడ లేకుండా పోతుందోనని.

అసుంతా దగ్గరికొచ్చి, "మమ్మా?" అని అడిగింది. మామయ్య చెయ్యెత్తి కొండల అవతలికి చూపించాడు. ఆమె అతని తల నిమిరి, మొదటి గిన్నెడు గుమ్మపాలు అతని చేతే తాగించింది.

దళం కదిలేదాకా పాలు అతనే పితికాడు. ఆ తర్వాత ఒక ఏటి దగ్గర గుండు ముక్క తొడలో దిగింది. ఆసుపత్రిలో జ్వరం వచ్చినన్నాళ్లూ తెల్లదుప్పట్ల మధ్య అమ్మ బకెట్ పట్టుకుని తిరుగుతున్నట్టే కనిపించేదట.

యుద్ధం ముగిశాక, కుంటుకుంటూ ఇల్లు చేరాడు. బంగాళదుంపల చేలో ఉన్న అమ్మమ్మ మట్టిచేతులతోనే అతని మొహం పట్టుకుంది. టీ దగ్గర ఇటలీ సంగతంతా చెప్పించుకుంది.

"ఆ ఆవు పేరేంటి?"

"అడగలేదమ్మా."

"అన్ని పూటలు పితికి పేరైనా అడగలేదా? నీకిదేనా నేను నేర్పింది?" అని కోప్పడుతూనే తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుంది.

మామయ్య అక్కడే బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు. చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. అమ్మమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని అందర్నీ తిప్పి పంపేసింది. ఆఖరికి చర్చి ఫాదర్‌ని కూడా.

"రేపు రండి ఫాదర్. పిల్లాడు పడుకున్నాడు."

ఫాదర్ టోపీ తీసి, బూట్లు చప్పుడు కాకుండా గడ్డి మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు.